స్తంభాల లెక్కన పరుగు: ఒక కాలినొప్పి కేసు

హనుమకొండలో నాది చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెడనొప్పి, నడుంనొప్పి, అరిగిన మోకాళ్ల వాళ్లు. పరుగెత్తి కాలు పాడుచేసుకొని వచ్చేవాళ్లు పదేళ్ల కింద ఏడాదికి నలుగురో ఐదుగురో ఉండేవాళ్లు, అదీ పోలీసు నోటిఫికేషన్ పడ్డ ఏడాది. ఇప్పుడు నెలకే అంతమంది వస్తున్నారు. వాళ్లలో ఒకరి కేసు ఇది. ఆయన సరేనన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వైద్యం సాఫీగా సాగి ఉంటే రాసేదాన్ని కాదు. మొదటి విడత నా వైద్యం ఫెయిలైంది. అందులో తప్పు ఆయనది ఎంతో నాదీ అంతే.

వచ్చిన రోజు

నవంబర్ నెల. 37 ఏళ్ల మనిషి, విద్యుత్ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. మూడు షిఫ్టుల డ్యూటీ కాబట్టి వారం మారితే నిద్ర వేళ కూడా మారుతుంది. ఎడమ కాలు, మోకాలికీ చీలమండకూ మధ్య, లోపలివైపు కింది భాగంలో నొప్పి.

"బొక్క లోపట గుంజుతది మేడం. ముందుగాల ఉరికినంక నొచ్చేది. తర్వాత ఉరుకుతుంటెనే నొచ్చుడు మొదలైంది. ఇప్పుడు వారం సంది పండుకున్నా గుంజుతంది."

మా వృత్తిలో ఈ నాలుగు వాక్యాలు వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. పరుగెత్తేవాళ్లకు ఆ చోట వచ్చే నొప్పి మామూలుగా రెండు రకాలు. ఒకటి, ఎముక అంచు వెంట కండరాలు అతుక్కున్న చోట వచ్చే మంట. వేలితో నొక్కితే కనీసం ఐదు సెంటీమీటర్ల పొడవునా నొప్పి ఉంటుంది, ఒళ్లు వేడెక్కితే కాస్త తగ్గుతుంది. రెండోది, ఎముకకే ఒత్తిడి గాయం. అది ఒక్కచోటే ఉంటుంది, పరుగుతో పెరుగుతుంది, ముదిరితే విశ్రాంతిలోనూ వదలదు. ఆయన కాలు నొక్కుతూ పోతే రూపాయి బిళ్లంత చోట ఉలిక్కిపడ్డాడు. ఎడమ కాలి మీద కుంటమన్నాను. మూడో గెంతుకే బల్ల పట్టుకున్నాడు.

ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. అప్పుడే ఆయన నాకు ఫోన్ చేసి, "ఏం లేదట మేడం, ఆదివారం ఉరకొచ్చా?" అని అడిగాడు. ఇది మా దగ్గర చాలామందికున్న అపోహ. ఈ గాయం మొదటి వారాల్లో ఎక్స్‌రేకు తరచుగా దొరకదు. డాక్టరు ఎంఆర్ఐ రాశారు. అందులో ఎముక మూలుగలో వాపు కనబడింది, పగులు గీత మాత్రం లేదు. రక్తపరీక్షలో విటమిన్ డి 14 వచ్చింది. 20 కన్నా తక్కువుంటే లోపం కిందే లెక్క. చీకట్లో పరుగు, పగలు నిద్ర, ఎండ తగిలేదెప్పుడు?

ఎముక ఎందుకు ఇలా అవుతుందో ఆయనకు బొమ్మ గీసి చెప్పాను. పరుగులో పడే ప్రతి అడుగుకూ ఎముకలో కంటికి కనబడనంత చిన్న దెబ్బలు తగులుతాయి. అది చెడ్డ సంగతేమీ కాదు, ఎముక గట్టిపడేది వాటివల్లే. దెబ్బ తగిలిన చోట శరీరం ముందు పాత ఎముకను తవ్వి తీసేస్తుంది, దానికి మూడు వారాల దాకా పడుతుంది. తర్వాత కొత్త ఎముకతో పూడుస్తుంది, దానికి మూడు నెలలు పైనే. అంటే భారం పెంచిన తర్వాత కొన్ని వారాల పాటు ఎముక మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. రోడ్డు తవ్వి, తారు పొయ్యకముందే లారీలు వదిలితే ఏమవుతుందో మన ఊళ్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

మరి ఈయన రోడ్డు మీద లారీలు ఎన్ని వదిలాడు? పద్నాలుగు నెలల కింద షుగరు బార్డర్‌లో ఉందని తేలింది. మూడు నెలల సగటు, హెచ్‌బీఏ1సీ, 6.1. నడవమన్నారు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడక మొదలైంది, నాలుగు నెలలకు ఉరుకుడైంది. అక్కడ పరిచయమైనవాళ్లు ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు, దాదాపు ముప్పై మంది. అందరి ఫోన్లలో ఒకే యాప్, చాలామంది చేతికి వాచ్. ఆదివారం అర్ధరాత్రికి వారం లెక్క ముగుస్తుంది, సోమవారం పొద్దున ఎవరు ఎన్ని కిలోమీటర్లో పట్టిక పడుతుంది. ఈయన మొదట 22వ స్థానం. తర్వాత 9. సెప్టెంబర్‌లో 3. ఏడు వారాల్లో వారానికి 26 కిలోమీటర్ల నుంచి 58కి వెళ్లాడు. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర లేకుండా, ఖాళీ కడుపుతో పది కిలోమీటర్లు ఉరికిన రోజులున్నాయి.

ఒక ఆదివారం సంగతి చెప్తూ తనే నవ్వాడు. రాత్రి పదిన్నరకు ఫోన్ చూస్తే నాలుగో స్థానంలో ఉన్నాయన 1.8 కిలోమీటర్లు ముందుకు పోయాడట. అన్నం తిని కూర్చున్న మనిషి లేచి బూట్లు వేసుకొని, కాలనీలో కుక్కలు వెంటపడుతుంటే పదకొండున్నర దాకా చుట్లు కొట్టాడు. నేనూ నవ్వాను. కేస్ షీటులో "భారం ఒక్కసారిగా పెంచడం, నిద్రలేమి, డి లోపం" అని రాసుకున్నాను. ఆ రాత్రి ఆయన్ను లేపి ఉరికించిందేదో షీటులో రాయడానికి గడి లేదు, నేనూ ఆలోచించలేదు.

నా చార్టు

ఆరు వారాలు పరుగు బంద్. నొప్పి లేనంతవరకు సైకిలు, పిక్కలకూ తుంటికీ బలం వ్యాయామాలు, మడమలు ఎత్తి దించడం. డి విటమిన్ సంగతి డాక్టరు చూసుకున్నారు. జనవరి మొదటి వారానికి నొక్కితే నొప్పి లేదు, గెంతితే నొప్పి లేదు. అప్పుడు నేను పద్ధతి ప్రకారం నడక-పరుగు చార్టు ఇచ్చాను. మొదటి వారం ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, అలా ఆరుసార్లు, రోజు విడిచి రోజు. రెండో వారం రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఏ4 కాగితం మీద గళ్లు గీసి, పన్నెండు వారాలకు. చార్టు తప్పేమీ కాదు, ఇప్పటికీ చాలామందికి అదే ఇస్తున్నాను.

రెండో వారం చివర వచ్చినప్పుడు ఆయన అడిగాడు: "మీ పేషెంట్లల్ల ఇది అందరికన్న జల్ది ఎవరు కొట్టిన్రు మేడం?"

నేను చెప్పాను. ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ఎనిమిది వారాల్లో మొత్తం పూర్తిచేశాడని, కొంచెం గర్వంగా కూడా చెప్పాను, నా వైద్యం గొప్పదన్నట్టు. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లు, గాయం వేరే రకం. ఆ ముక్క చెప్పలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఆయన మళ్లీ కుంటుతూ వచ్చాడు. చార్టు తెచ్చాడు. నాలుగో వారంలో ఉండాల్సిన మనిషి, ఏడో వారం గళ్లలో టిక్కులు పెట్టి ఉన్నాడు. టిక్కులు ఎంత శుభ్రంగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తు, స్కేలు పెట్టి కొట్టినట్టు. గ్రూపు పట్టిక పోయి నా చార్టు ఆయనకు పట్టికైంది. ముప్పై మంది పోయి, ఎన్నడూ చూడని ఒక ఇంజినీరింగ్ విద్యార్థి పోటీదారుడయ్యాడు. పోటీ పెట్టింది నేనే.

చార్టు మడిచి టేబుల్ సొరుగులో పెట్టాను. ఎముక మళ్లీ మొదటికొచ్చింది, ఇంకో ఆరు వారాలు ఆగాలి. ఈ ఆరు వారాలూ ఎముకతో పాటు మనిషిని కూడా వినాలనుకున్నాను.

అడగాల్సిన ప్రశ్న

మార్చిలో ఒక సాయంత్రం క్లినిక్‌లో ఎవరూ లేనప్పుడు అడిగాను. "మీ వాచ్ లేదు, ఫోన్ లేదు, మీరు ఉరికిన సంగతి ఎవరికీ తెలవదు. అప్పుడు ఉరుకుతరా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవలికి తెలవకపోతే ఎందుకు మేడం?" అన్నాడు. అని తనే ఇబ్బంది పడ్డాడు.

ఆ తర్వాత వచ్చింది అసలు కథ. ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్ ఎంపికకు మగవాళ్లు 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో పరుగెత్తాల్సి ఉండేది. ఈయనకు అప్పుడు ఇరవై మూడో ఇరవై నాలుగో. ఏడాది పాటు ఊళ్లో చెరువు కట్ట మీద ఉరికాడు. ఈవెంట్స్ రోజున, అంటే పరుగు పరీక్షల రోజున, 25 నిమిషాల 40 సెకన్లు పట్టింది. నలభై సెకన్లు. వాళ్ల ఊరి నుంచి ఆరుగురు పోతే నలుగురు క్వాలిఫై అయ్యారు. తర్వాత వేరే ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పాప పుట్టింది. పదమూడేళ్లు బూట్లు ముట్టలేదు.

ఈ ప్రాంతం బయటివాళ్లకు ఇది అర్థం కావడం కష్టం. ఇక్కడ మా తరానికి పరుగు అంటే పరీక్ష. నోటిఫికేషన్ పడిందంటే వరంగల్, కరీంనగర్, మంచిర్యాల, ఏ ఊరి గ్రౌండ్ చూసినా తెల్లవారుజామున నాలుగింటికే నిండి ఉంటుంది. కొలతలు మారాయి. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. పద్ధతి మాత్రం మారలేదు. ఈవెంట్స్ అయిపోయిన మరుసటి వారం అదే గ్రౌండ్‌కు పోండి. నడిచే ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. పాసైనవాడికి ఇక పరుగు అక్కర్లేదు, ఫెయిలైనవాడికి దాని ముఖం చూడబుద్ధి కాదు. ఇంతమంది ఇంత కష్టపడి నేర్చుకొని ఒక్కరోజులో వదిలేసే విద్య ఇంకొకటి నాకు తెలియదు.

ఇందులో కొంత మనస్తత్వశాస్త్రం ఉంది, నేను చదువుకున్నంత చెప్తాను. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లలను తీసుకున్నారు. గీస్తే బహుమతి ఇస్తామని కొందరికి ముందే చెప్పి గీయించారు. కొన్నాళ్ల తర్వాత, ఏ బహుమతీ లేనప్పుడు, ఆ పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే బొమ్మల జోలికి పోయారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు, అసలు ఇవ్వనివాళ్లకు ఇష్టం తగ్గలేదు. దీన్నే ఇంకో వైపు నుంచి చూసినాయన జాన్ నికల్స్ అనే మనస్తత్వవేత్త. "నేను గెలిచాను" అని మనిషి దేన్నిబట్టి అనుకుంటాడన్నది ఆయన ప్రశ్న. కొందరికి పని తనకు పట్టుబడితే గెలుపు, కొందరికి పక్కవాడు వెనకబడితేనే గెలుపు. ప్రతి మనిషిలో రెండూ కొంత కొంత ఉంటాయి. మా సబ్‌స్టేషన్ ఆయనలో మొదటిది పూర్తిగా ఎండిపోయి ఉంది, అంతే.

పోటీ చెడ్డదని నేననను. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024లో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పిల్లను గడియారం చూడొద్దనే హక్కు ఎవరికుంది? సెకన్లే ఆమె పని. కానీ ఆమె వెనక కోచ్ ఉంటాడు, ఎప్పుడు ఆపాలో చెప్పేవాడుంటాడు, రేసు ఫలానా రోజని ఉంటుంది. మనవాళ్ల వాట్సాప్ పట్టికకు రేసు రోజు లేదు, సీజన్ అయిపోవడం లేదు. ప్రతి సోమవారం ఫైనలే.

"పక్కవాడితో వద్దు, నిన్నటి నాతో నేను పోటీ పడతా" అని ఈ మధ్య చాలామంది అంటున్నారు, టీషర్టుల మీద కూడా చూశాను. వినడానికి బాగుంటుంది. నాకు దాని మీద నమ్మకం లేదు. ముప్పై ఏడేళ్లకు నిన్నటి నిన్ను ఓడించొచ్చు. అరవైకి రోజూ ఓడిపోతావు. ఈయన విషయంలో అయితే నిన్నటి ఆయన ఎవరు? 25 నిమిషాల 40 సెకన్ల కుర్రాడే కదా. ఆయన అసలు ఉరుకుతున్నదే ఆ కుర్రాడి వెనక.

స్తంభాలు

మార్చి చివర్లో రెండో విడత మొదలుపెట్టాం. చిక్కేమిటంటే, ఎముకకు లెక్క కావాలి, మనిషికి లెక్క వద్దు. భారం కొలవకుండా పెంచితే మళ్లీ దెబ్బతింటుంది. కొలిస్తే ఈయన దాన్ని దాటాలని చూస్తాడు.

ఉపాయం ఆయన ఉద్యోగంలోనే దొరికింది. వడ్డేపల్లి చెరువు వైపు ఆయన పోయే దారి పొడవునా కరెంటు స్తంభాలున్నాయి. "ఒక స్తంభం ఉరుకుడు, మూడు స్తంభాలు నడుసుడు" అన్నాను. నిమిషాలు లేవు, కిలోమీటర్లు లేవు. ఆయన ముఖం వెలిగింది. మరుసటి వారం రాగానే చెప్పిన మాట: "స్తంభానికీ స్తంభానికీ సుమారు 45 మీటర్లు మేడం, అంటే నేను..." చేయెత్తి ఆపాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ లెక్క కడతాడని నాకు తెలుసు. కానీ స్తంభాల లెక్క పెట్టుకొని గ్రూపులో పోటీకి దిగలేడు, అక్కడ ఎవరికీ స్తంభాలు లేవు.

వాచ్ వదలనన్నాడు. ఏడు వేలు పెట్టి కొన్నదట. సరే, పెట్టుకోండి, అద్దం మీద ప్లాస్టర్ అతికించండి అన్నాను. ఎండాకాలం నాకు సాయమొచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర పగలు 43, 44 డిగ్రీలు. తెల్లవారుజామునే పోయినా గాలి వేడిగానే ఉంటుంది. వేడిలో గుండె రెండు పనులు చేయాలి, కండరాలకు రక్తం పంపాలి, ఒళ్లు చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. జనవరిలో హాయిగా పోయిన వేగమే మేలో ఆయాసం తెప్పిస్తుంది. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి రెండు వారాల దాకా పడుతుంది. వాచ్ మాత్రం రెండు నెలలనూ ఒకే అంకెతో కొలిచి, "తగ్గిపోయావు" అంటుంది. ఈ సంగతి ఆయనకు వెంటనే ఎక్కింది. లోడు పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కడం, ఎండాకాలం అది తట్టుకునే లోడు తగ్గడం ఆయన రోజూ చూసేదే.

వేగానికి కొలత ఏమిటి మరి? మాట. మెల్లగా ఉరికేటప్పుడు మనిషి పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. శ్రమ ఒక హద్దు దాటితే ఊపిరి మాటకు మిగలదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. దీనికి మిషన్లు అక్కర్లేదు. ఆయన్ను పదమూడో ఎక్కం బయటికి చదవమన్నాను. పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెండ్ల ఇరవై ఆరు... మధ్యలో రొప్పు వస్తే వేగం ఎక్కువైనట్టే, నడవాలి. రోడ్డు మీద ఎక్కాలు చదివితే జనం పిచ్చోడనుకుంటారని గునిశాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఫోన్ మాట్లాడుతున్నారనుకుంటారని ఆయన భార్య సలహా ఇచ్చింది. ఆమె తెలివి నాకు రాలేదు.

నొప్పి విషయంలో మాత్రం గట్టిగా ఉన్నాను. మడమ వెనక స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ, లాంటి చోట్ల గాయాలకైతే పదికి మూడు దాకా నొప్పిని ఓర్చుకొని వ్యాయామం చేయిస్తాం. ఎముకకు అలా కాదు, సున్నాయే ఉండాలి. పొద్దున పళ్లు తోముకునే ముందు రూపాయి బిళ్ల చోట బొటనవేలితో నొక్కి చూసుకోవాలి. నొప్పి ఉంటే ఆ రోజు పరుగు లేదు, మరుసటి రోజు కూడా లేదు. రాత్రి డ్యూటీ దిగిన పొద్దున పరుగు లేదు, నిద్రే. వారానికి మూడు రోజులు మించొద్దు.

చివరిది నోటుబుక్కు. ఉరికి వచ్చాక మూడు సంగతులు రాయాలి. ఏం చూశారు? కాలు ఎట్లుంది? రేపు పోవాలని ఉందా? అంకెలు రాయొద్దు.

మొదటి పేజీలు చదివితే నవ్వొస్తుంది. "ఏమీ చూడలేదు. కాలు ఓకే. ఉంది." "ఏమీ చూడలేదు. కాలు ఓకే. ఉంది." పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టినట్టు. మూడో వారంలో మొదటిసారి: "కట్ట మీద కొంగలు. ఏడెనిమిది ఉంటయి. కాలు మంచిగుంది." ఏప్రిల్ చివర్లో ఎండాకాలం సెలవులొచ్చాయి. ఆరో తరగతి పూర్తయిన కూతురు సైకిలేసుకొని పక్కన రావడం మొదలుపెట్టింది. ఎక్కం ఆ పిల్ల అడుగుతుంది, ఈయన చెప్పాలి. తప్పు చెప్తే మళ్లీ మొదటి నుంచి. "పాప పదిహేడో ఎక్కం అడిగింది. నాకు రాలే. నడిసిన." ఇది నాకు ఆ నోటుబుక్కులో బాగా నచ్చిన పేజీ.

మే మధ్యలో ఇంకో పేజీ. "ఏం చూడలే. ముందు పోయేటాయన ఈపు చూసిన. ఆయన్ని దాటిన. పాప వెనక వడ్డది. పొద్దుగాల నొక్కితె కొంచెం నొచ్చింది." ఈ పేజీ చూపించడానికి సిగ్గుపడ్డాడు. నాకు మాత్రం ఆ ఐదు వాక్యాలు ఎంఆర్ఐ కన్నా ఎక్కువ చెప్పాయి. మొదటి విడతలో నొప్పిని దాచి టిక్కులు కొట్టిన మనిషి ఈసారి ఒక్కరోజులో పట్టుకున్నాడు. నాలుగు రోజులు ఆపాం. నొప్పి పోయింది.

గ్రూపు వదలమని నేను చెప్పలేదు. పొద్దున్నే పలకరించేవాళ్లుండటం మంచిదే, షిఫ్టు డ్యూటీల మనిషికి ఇంకా మంచిది. సోమవారం పట్టిక చూడనని ఆయనే అనుకున్నాడు, కొన్ని సోమవారాలు చూశాడు కూడా. గ్రూపేమీ మారిపోలేదు, పట్టిక ఇప్పటికీ పడుతూనే ఉంది. ఈయనలాగే కాళ్లు నొప్పులున్న ఇద్దరు మాత్రం అప్పుడప్పుడు ఈయనతో స్తంభాల లెక్కన వస్తున్నారు. బడులు తెరిచాక పాప రావడం తగ్గింది, ఆదివారాలే.

జూలైలో వానలు పడేనాటికి మధ్యలో నడవకుండా ఉరకగలిగాడు. ఆగస్టులో వారానికి నాలుగు రోజులు, ఒక్కోసారి నలభై నిమిషాల పైనే. సమయం నేను కట్టింది, ఇంటి నుంచి బయలుదేరిన వేళ, వచ్చిన వేళ ఆయన భార్యను అడిగి. డి విటమిన్ 34కి వచ్చింది. హెచ్‌బీఏ1సీ 5.8. అసలు ఆయన మొదట బూట్లు కట్టింది షుగరు కోసమేనన్నది మధ్యలో నాతో సహా అందరం మర్చిపోయాం.

ఇరవై అయిదు నిమిషాలు

సెప్టెంబర్ మొదట్లో వచ్చి కుర్చీలో కూర్చోకుండానే అడిగాడు. "ఒక్కసారి 5 కిలోమీటర్లు టైం పెట్టుకొని ఉరుకుత మేడం. వద్దనకుండ్రి."

వద్దనలేదు. కాలు సిద్ధంగా ఉంది. మనసు సంగతి నేనెలా చెప్పగలను? మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా పొమ్మని, కాలు నొస్తే అక్కడే ఆపమని మాత్రం చెప్పాను. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ట్రాక్ ఎంచుకున్నాడు. 2021లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది అక్కడే. 400 మీటర్ల ట్రాక్, పన్నెండున్నర చుట్లు. వాచ్ మీది ప్లాస్టర్ తీశాడు. నన్ను పిలిస్తే పోయేదాన్ని, పిలవలేదు. పాపను కూడా తీసుకుపోలేదు.

25 నిమిషాల 52 సెకన్లు.

ఆ అంకె నాకు మెసేజ్‌లో పంపాడు, ఇంకే మాటా లేదు. నేను ఏం రాయాలో తెలియక, "కాలు ఎట్లుంది?" అని రాశాను. రెండు రోజుల తర్వాత "మంచిగనే ఉంది" అని వచ్చింది. పద్నాలుగేళ్ల కింది కుర్రాడికన్నా పన్నెండు సెకన్లే ఆలస్యం, అదీ విరగబోయిన కాలితో, రాత్రి డ్యూటీలతో. నా లెక్కలో అది గొప్ప ఫలితం. ఆ మాట టైపు చేసి చెరిపేశాను. పెట్టి ఉంటే, మళ్లీ నేనే మార్కులేసినట్టయ్యేది.

నోటుబుక్కులో ఆరు రోజులు ఏమీ లేదు. ఏడో రోజు పేజీ ఇలా ఉంది: "వాన. చెప్పులేసుకొని కట్ట దాక నడిసిన. ఉరకలే. కొంగలు లెవ్వు. నీళ్లు నిండినయి." ఆ కిందది రెండు రోజుల తర్వాత: "పాప వస్తనన్నది. పదిహేడో ఎక్కం వచ్చింది."

ఈ కేసును కొత్తగా వస్తున్న ఫిజియోలకు చెప్పేటప్పుడు, ఆ 25:52ను ఏ కాలమ్‌లో రాయాలని ఒకమ్మాయి అడిగింది. వైద్యం గెలిచినట్టా, ఓడినట్టా అని. కాలు మటుకు గెలిచింది. మిగతాది ఆయన షీటులో నేను ఖాళీగా వదిలాను.

అక్టోబర్ మొదటి శనివారం చెకప్‌కు వచ్చాడు. ఎడమ కాలు చూశాను. నొక్కితే నొప్పి లేదు, ఇరవైసార్లు గెంతినా లేదు. చేతికి వాచ్ ఉంది, ప్లాస్టర్ లేదు, అద్దం మీద జిగురు మరక మాత్రం ఉంది. నోటుబుక్కు తెచ్చారా అని అడిగితే, ఇంట్లో మర్చిపోయానన్నాడు. మరుసటి నెల వచ్చినప్పుడు నేను అడగలేదు.